భోజనంలో చీమలు

ఆ ఉదయం గిరీష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందు టీ తాగాలి. తర్వాత బచేలి బజారుకు వెళ్లి దోమతెరలకు తాళ్లు, ముందుగదికి బల్బు కొని, కోడి కోసే కరీం భాయ్‌కి ఓ మాట చెప్పి రావాలి. మర్నాడు మధ్యాహ్నానికి విశాఖపట్నం నుంచి పదిమంది అతిథులు దిగుతున్నారు. 'కొండనీడ' హోమ్‌స్టే తెరిచాక అంతమంది ఒక్కసారిగా రావడం అదే మొదలు.

కొండనీడ అంటే మేడలూ మిద్దెలూ కావు. బైలదిల్లా కొండల కింద, గని ఉద్యోగుల టౌన్‌షిప్ దాటాక ఎర్రమట్టి దారి చివర, గనిలో పనిచేసిన తండ్రి కట్టి వదిలివెళ్లిన పెంకుటిల్లు. పెరట్లో ఒక మామిడి, ఒక ఇప్ప. గనిలో తనకున్న కాంట్రాక్టు ఉద్యోగం వదిలేసి, భార్య రేణుకతో కలిసి గదులకు సున్నం వేయించి, గేటుకు బోర్డు తగిలించినప్పుడు విజయనగరం బంధువులంతా ఫోన్లు చేసి నవ్వారు. "బస్తర్‌కి ఎవడొస్తాడ్రా, తప్పిపోయినవాడు తప్ప?" అన్నారు.

తప్పిపోనివాళ్లు కూడా వచ్చారు. ఢోల్కల్ కొండ మీది గణపతిని చూడ్డానికి వచ్చిన వాళ్లు, జలపాతాల ఫొటోలు తీసుకునేవాళ్లు, ఒకరి నోట విని ఇంకొకరు. వెళ్తూ వెళ్తూ ఫోన్‌లో అయిదు స్టార్లు పెట్టి, 'ఇంటి భోజనం, మంచి మనుషులు' అని రాసి వెళ్లారు. గిరీష్ పొద్దున్నే పళ్లు తోముకోవడానికంటే ముందు ఆ స్టార్లు చూసుకునేవాడు. పైకి అనేవాడు కాదు గానీ, ఆ స్టార్లే తన ఉద్యోగం అని అతనికి తెలుసు. రాయ్‌పూర్‌లో స్నేహితుడు బాబూరావు ఓ పెద్ద హోటల్లో రిసెప్షన్ పని చూసిపెట్టి, సోమవారంలోగా చెప్పమన్నాడు. ఈ పదిమందీ సంతోషంగా వెళ్తే బాబూరావుకు వద్దని చెప్పొచ్చు. లేకపోతే గేటుకు తాళం వేసి, ఎవరిదో హోటల్లో ఎవరికో తాళాలు అందించాలి.

వారం రోజులుగా ఇంటర్నెట్ రాక ఆ స్టార్లు చూసుకోలేదు. అందుకే ఆ ఉదయం నెట్ రాగానే కళ్లు నులుముకుంటూ ఫోన్ తెరిచాడు. తెరిచినవాడు మంచం మీంచి లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

"రేణూ!"

రేణుక ఆ కేకకు పెరట్లోంచి పరుగున వచ్చింది. చేతుల నిండా సబ్బునురుగు. "ఏమైంది? పామా?"

"పామైతే బాగుండేది. ఇటు చూడు."

ఒకే ఒక్క స్టార్. దాని కింద భానుప్రసాద్ అనే పేరు. దాని కింద రెండే మాటలు: 'భోజనంలో చీమలు.'

భానుప్రసాద్ పది రోజుల కిందట వచ్చి వెళ్లిన పెద్దాయన. విజయనగరం మనిషి, తాలూకా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన భోజనం చేసిన రోజున గిరీష్ మరో ఇద్దరు అతిథులతో ఢోల్కల్ కొండ ఎక్కుతున్నాడు. రేణుక కిరందుల్‌లో పుట్టింటికి వెళ్లింది. ఇంట్లో ఉన్నది గిరీష్ తల్లి పార్వతమ్మ ఒక్కర్తే.

గిరీష్ వంటింటి గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు. "అమ్మా, ఆ రోజు భానుప్రసాద్ గారికి ఏం పెట్టావ్?"

"ఏటి పెడతానురా? అన్నం, పప్పు, వంకాయకూర, పచ్చడి."

"అందులో చీమలు పడ్డాయా?"

పార్వతమ్మ చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. "నా వంటలో చీమలు పడడమేట్రా?" అంది. అని, పొయ్యి వైపు తిరిగి మూకుడు అవసరానికి మించి గట్టిగా తోమసాగింది.

ఆ ఒక్క క్షణం గిరీష్ గమనించలేదు. గమనించి ఉంటే ఈ కథ అక్కడితో ముగిసి, అతను హాయిగా టీ తాగేవాడు. టౌన్‌షిప్‌లో ముప్ఫై ఏళ్లుగా పార్వతమ్మకు ఒక పేరుంది. బస్తర్ సంతల్లో ఆకు దొప్పల్లో పోసి అమ్మే ఎర్రచీమల్ని చూసినప్పుడల్లా ముక్కు మూసుకుని, "చీమల్ని నూరుకు తినే గతి మనకింకా పట్టలేదమ్మా" అని నలుగురూ వినేలా అనేది ఆవిడే. ఆ చీమల పచ్చడిని ఇక్కడ చాపడా అంటారు. కొన్ని నెలల కిందట ఆవిడకు జ్వరం వస్తే, పెరటి గోడ అవతల ఉండే భీమే మంచిదని చెప్పి అరచేతిలో ఇంత చాపడా పెట్టి నాకించింది. ఆ తర్వాత గిరీష్, రేణుక ఇంట్లో లేని పూటలన్నీ పార్వతమ్మ గడిపిన తీరు వేరు. ఈ సంగతి ఆవిడకూ భీమేకూ తప్ప మూడోవాళ్లకు తెలియదు. మొన్నటి నుంచి భానుప్రసాద్‌కు తెలుసు.

గిరీష్ వంటింట్లోంచి నేరుగా ఫోన్ దగ్గరికి వెళ్లాడు. "జవాబు రాయాలి. ఈ రోజుల్లో తప్పు చేసినా ఫర్వాలేదు, జవాబు రాయకపోతేనే తప్పు" అన్నాడు.

"ముందు ఆయనకే ఫోన్ చేసి కనుక్కోవచ్చుగా?" అంది రేణుక.

"ఒక్క స్టార్ ఇచ్చినాయనకా? ఏ మొహం పెట్టుకుని చేయను?"

అన్న మాట ప్రకారం మొహం చూపించకుండా, ఊరూవాడా చదివేలా, తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి, వచ్చినంత ఇంగ్లిష్‌లో ఒకసారి జవాబు రాశాడు. 'భానుప్రసాద్ గారూ, మీకు జరిగిన అసౌకర్యానికి మా కుటుంబమంతా సిగ్గుపడుతోంది. ఇకమీదట కొండనీడలో ఒక్క చీమ కూడా కనిపించదని మాట ఇస్తున్నాం. వాటిని ఈ రోజే సమూలంగా నిర్మూలిస్తున్నాం.' 'సమూలంగా' అన్న మాట అతనికే బాగా నచ్చి, రెండుసార్లు చదువుకున్నాడు.

బజారులో మందుల దుకాణదారు గిరీష్ అడిగినవన్నీ బల్ల మీద పేర్చి, "క్యా భయ్యా, యుద్ధానికి వెళ్తున్నావా?" అని అడిగాడు. చీమల పొడి డబ్బాలు, చీమల సుద్దముక్కలు, పిచికారీ సీసా. దోమతెరల తాళ్లు, బల్బు, కరీం భాయ్ గిరీష్ బుర్రలోంచి ఎప్పుడో జారిపోయాయి.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టాడు. ప్రతి గుమ్మానికీ అడ్డంగా తెల్లని సుద్ద గీత, ఒకటి చాలదేమోనని పక్కన ఇంకొకటి. కిటికీల చుట్టూ, మంచం కోళ్ల చుట్టూ గీతలు. వంటింట్లో మూలమూలకూ పొడి చల్లాడు. పార్వతమ్మ పప్పు డబ్బాలన్నీ ఒడిలో పెట్టుకుని వరండాలోకి వచ్చి కూర్చుంది.

"ఇల్లంతా ఏటిరా ఈ గీతలు? ఎవరైనా చూస్తే చేతబడి అనుకుంటారు."

"అనుకోనీ అమ్మా. చేతబడికి ఎవరూ ఒక్క స్టార్ ఇవ్వరు."

ఆఖరికి అతని దృష్టి పెరటి మామిడిచెట్టు మీద పడింది. కొమ్మల్లో ఆకుల్ని ఒకదానికొకటి కుట్టుకుని ఎర్రచీమలు కట్టిన గూళ్లు బంతుల్లా వేలాడుతున్నాయి. 'చీమలు వస్తున్నది ఇక్కణ్నుంచీ!' అనుకున్నాడు. వెదురు గెడకు చీపురు కట్టి, ఒక్కో గూడూ కొట్టి, కింద చెత్తమంటలో పడేశాడు. చీమలు కూడా ఊరుకోలేదు. మెడ మీద, చెవుల వెనక, చొక్కా లోపల ఎక్కడ దొరికితే అక్కడ పట్టుకున్నాయి. గెంతుతూనే, తిడుతూనే చివరి గూడు దాకా పని పూర్తి చేశాడు. అప్పుడు మోగింది ఫోన్.

"కొండనీడేనాండీ? నేను రాజశేఖర్‌ని, విశాఖ నుంచి. రేపు వస్తున్నాం కదా, ఒక్క చిన్న డౌటు. ఆ చీమల సంగతి..."

గిరీష్ మామిడి మొదలుకు ఆనుకున్నాడు. "మీరూ చూసేశారా సార్?"

"చూశాం. చూడగానే మా వాకింగ్ గ్రూపులో అందరికీ పంపాను కూడా."

"అందరికీనా?" అన్నాడు గిరీష్. "సార్, అది ఒక్కసారి జరిగిన పొరపాటు."

"ఒక్కసారేనా? మళ్లీ ఉండవా?"

అవతల గొంతులో ఉన్నది నిజమైన దిగులు. గిరీష్‌కు అది వెటకారంలా వినిపించింది. "ఉండవు సార్. మాట ఇస్తున్నాను."

"అలా అనకండి బాబూ. మా ఆవిడ సుమిత్ర వారం రోజులుగా చీమలు, చీమలు అని ఒకటే కలవరింత."

"మేడమ్‌ని భయపడొద్దని చెప్పండి సార్. ఇల్లంతా మందు చల్లించాను."

"మందా! వాటి మీదా?"

"చెట్టు మీదున్న వాటిని కూడా తగలబెట్టేశాను. ఒక్కటి మిగిలితే నన్నడగండి."

అవతల గొంతు పక్కకు తిరిగింది. తర్వాత ఎవరితోనో, "తగలబెట్టేశాట్ట" అనడం, ఒక ఆడగొంతు "అయ్యయ్యో" అనడం వినిపించాయి. రాజశేఖర్ మళ్లీ లైన్లోకి వచ్చాడు. "అయితే ఇంక మేం రావడం దేనికండీ? అసలు మేం బుక్ చేసిందే ఆ..." అంతలో బచేలిలో సిగ్నల్ ఎప్పుడూ చేసే పని చేసింది. మాట మధ్యలో పుటుక్కున తెగింది.

గిరీష్ ఆ అర్థమాటను తోచినట్టు పూర్తి చేసుకున్నాడు. మెల్లగా నడిచి వచ్చి వరండా మెట్టు మీద కూర్చున్నాడు. అతని మెడా చెవులూ దద్దుర్లతో ఎర్రబడి ఉన్నాయి. కళ్లు కూడా అదే రంగులోకి తిరుగుతున్నాయి.

"రావట్లేదు రేణూ. పదిమందీ రావట్లేదు. చీమలున్నాయంటే ఒక స్టారు, లేవంటే క్యాన్సిల్. ఇంక మనుషుల్ని నేనెలా సంతోషపెట్టను? బాబూరావుకి వస్తానని చెప్పేస్తాను."

రేణుక అతని పక్కన కూర్చుంది. రాయ్‌పూర్ మాట వచ్చినప్పుడల్లా ఆమె కళ్లు గదుల వైపు తిరుగుతాయి. ఈ గదులకు రంగు ఎంచింది ఆమె. దుప్పట్ల అంచులు కుట్టింది ఆమె. అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది. తర్వాత, "ఆయన ఏమన్నాడో మళ్లీ ఒకసారి చెప్పు. నువ్వేమనుకున్నావో కాదు, ఆయన ఏమన్నాడో" అంది.

గిరీష్ చెప్పాడు.

"చీమలు తగలబెట్టానంటే ఆవిడ 'అయ్యయ్యో' అందా?"

"అంది."

"చీమలంటే భయపడే మనిషి 'అమ్మయ్య' అనాలి గానీ 'అయ్యయ్యో' అంటుందా?"

గిరీష్ మెడ గోక్కుంటూ ఆలోచిస్తుండగానే పెరటి గోడ అవతల నుంచి పెద్ద కేక వచ్చింది. భీమే, తెలుగు మాట్లాడే సరిహద్దు ఊరు ఎర్రబోరు ఆడపడుచు. పెళ్లయి ఇటు వచ్చాక గోండీ, హల్బీ, హిందీ అన్నీ మాట్లాడుతుంది గానీ, కోపం వస్తే మాత్రం పుట్టింటి తెలుగులోకి దిగుతుంది.

"ఏంది తమ్మీ ఇది! నా గూళ్లు ఏవి? చెట్టు బోడిగ చేసినవేంది?"

"నీ గూళ్లేంటి అక్కా? అవి చీమలు."

"చీమలే! నేను కాసుకొని కూసున్న చీమలు! రేపు వైజాగోళ్లు వస్తున్నరు, చాపడా నూరుదమని అమ్మకు చెప్పిన. పోయినసారి ఆ ముసలాయనకు పెట్టింది గూడ ఈ చెట్టుదే గద! అడుగు, అమ్మనే అడుగు!"

గిరీష్, రేణుక ఇద్దరూ ఒకేసారి పార్వతమ్మ వైపు తిరిగారు. పార్వతమ్మ ఒళ్లో ఉన్న పప్పు డబ్బాల్ని ఒకటొకటిగా లెక్క చూసుకోసాగింది.

"అమ్మా?" అన్నాడు గిరీష్.

"జొరానికి మంచిదని పెట్టింది భీమే. తిన్నాను. జొరం పోయింది." పార్వతమ్మ తల ఎత్తలేదు. "రుచి పోలేదు. నానేటి చెయ్యను?"

"మరి భానుప్రసాద్ గారికి ఎందుకు పెట్టావ్?"

"మన ఊరాయన కదా, నోరు చచ్చిపోయి ఉంటాదని చిన్న గిన్నెలో పక్కన పెట్టాను. రెండుసార్లు వేయించుకున్నాడు. మీరు నవ్వుతారని మీకు చెప్పలేదు. ముప్ఫై ఏళ్లు నేనన్న మాటలు టౌన్‌షిప్‌లో ఎవరు మర్చిపోయారు?"

ఎవరూ నవ్వలేదు. నిజానికి రేణుకకు నవ్వు వచ్చింది గానీ, అత్తగారి మొహం చూసి కొంగుతో నోరు అదుముకుంది. అలాగే ఫోన్ పట్టుకుని, సిగ్నల్ దొరికే చోటికి, గేటు పక్కన రాయి ఎక్కి నిలబడి, రాజశేఖర్‌కు ఫోన్ చేసింది.

"నమస్కారమండీ, కొండనీడ నుంచి రేణుకని. మీరు చెప్పేది చీమల పచ్చడి గురించేనా?"

"ఇంక దేని గురించమ్మా! 'భోజనంలో చీమలు' అని చదివి, అది చాపడానే అనుకుని కదా మీ ఇల్లు ఎంచుకున్నాం. మీవారేమో కాల్చేశానంటారు, మందు కొట్టానంటారు..."

"ఆయన చెప్పింది వేరే చీమల గురించండీ. మీ చీమలు మీకు ఉంటాయి. తప్పకుండా రండి."

రాయి దిగి వచ్చి, మాట ఇచ్చేశానని చెప్పింది. నలుగురూ కలిసి మామిడిచెట్టు వైపు చూశారు. కొమ్మల మీద ఒక్క గూడు లేదు. కింద బూడిద ఇంకా పొగలు కక్కుతోంది.

గిరీష్ చేతులు జోడించాడు. "అక్కా, ఎక్కడైనా దొరుకుతాయా?"

పొద్దున్నించీ సమూలంగా నిర్మూలించిన మనిషే అలా అడిగేసరికి భీమేకు కోపం కాస్త తగ్గింది. "మా చిన్నమామ హిడ్మా చేను గట్టున పెద్ద మామిడి ఉన్నది. గూళ్లు మస్తుగున్నయి. కాని నేను ఎక్క. కాల్చినోడే ఎక్కాలె."

ఆ మధ్యాహ్నం గిరీష్ మామిడిచెట్టు కొమ్మ మీద, నడుముకు గోనెసంచి కట్టుకుని ఉన్నాడు. హిడ్మా తన చేలో జరుగుతున్న ఈ వింత చూడ్డానికి మంచం తెచ్చి గట్టు మీద వేసుకుని కూర్చున్నాడు. కింద నుంచి భీమే ఆజ్ఞలు జారీ చేస్తోంది.

"గూడు నొక్కకు! కొమ్మతో కొయ్యి! సంచిల వెయ్యి! జల్దీ, జల్దీ!"

"కుడుతున్నాయక్కా!"

"కుట్టవా మరి? పొద్దుగాల వాటి చుట్టాలను కాల్చినవ్."

హిడ్మా గోండీలో ఏదో అన్నాడు. భీమే పగలబడి నవ్వింది. గిరీష్ ఆ మాటకు అర్థం అడగలేదు. సంచి నిండాక, దిగడానికి ఓపిక లేక ఆఖరి రెండు కొమ్మల ఎత్తు నుంచి దూకేశాడు. ఒళ్లంతా మండుతున్నా ఇంటిదారిలో అతనికి ఏదో తేలిగ్గా అనిపించింది. పొద్దున్నించీ అతను చేసిన పనుల్లో అతిథులు నిజంగా కోరుకున్న పని ఇదొక్కటే.

అప్పటికి రేణుక వంటింట్లో పొడి అంతా ఊడ్చి, రెండుసార్లు కడిగింది. గదుల గుమ్మాల్లోని సుద్ద గీతలు మర్నాడు తుడవొచ్చులే అని వదిలేసింది. భీమే సంచి తీసుకుని, వంటింట్లోకి తొంగి చూసి, ముక్కు చిట్లించింది. "ఇంకా మందు కంపు కొడుతుంది. చల్లగున్న చోటు పెట్టాలె, బతికుండాలె, పొద్దుగాల నూరుదం" అని, ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో మంచం కింద పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. అది రాజశేఖర్ దంపతులకు కేటాయించిన పెద్ద గది. ఎక్కడ పెట్టిందో ఎవరికైనా చెప్పాలని ఆవిడకు తోచలేదు. అడగాలని వీళ్లకూ తోచలేదు.

మర్నాడు అందరూ తలో పనిలో మునిగి ఉండగా, వస్తామన్న వేళకంటే చాలా ముందే జగదల్‌పూర్ వైపు నుంచి టెంపో వచ్చి గేటు ముందు ఆగింది. టోపీలు, చేతికర్రలు, మెడల్లో కెమెరాలతో పదిమందీ దిగారు. రాజశేఖర్ బ్యాంకులో పనిచేసి రిటైరైన సన్నటి మనిషి. సుమిత్ర బొద్దుగా, ఉత్సాహంగా, టెంపో దిగుతూనే, "చీమలేవీ?" అని అడిగింది.

"ఉన్నాయి మేడమ్, ఉన్నాయి. ముందు గది చూసుకోండి" అని గిరీష్ పెద్ద గది తలుపు తీశాడు.

సంచి ముడి రాత్రే ఎప్పుడో వదులైంది. గోడలు కదులుతున్నట్టున్నాయి. దోమతెర మీద, దిండ్ల మీద, రేణుక అంచులు కుట్టిన దుప్పటి మీద, కిటికీ చువ్వల మీద ఎర్రచీమలు బారులు తీరి తిరుగుతున్నాయి. గుమ్మం దాకా వచ్చి, గిరీష్ రెండేసి వరసలు గీసిన సుద్ద గీతల దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి వెనక్కి మళ్లుతున్నాయి. చీమలు లోపలికి రాకుండా గీసిన గీతలు, లోపలి చీమల్ని బయటికి పోనివ్వడం లేదు.

గిరీష్ తలుపు పట్టుకునే ఉన్నాడు. ఒక్క స్టార్ కాదు, స్టార్లే లేని చీకటి ఆకాశం అతని కళ్ల ముందు కదిలింది. రాయ్‌పూర్ హోటల్లో యూనిఫాం ఏ రంగులో ఉంటుందో అనుకున్నాడు.

"సార్... మేడమ్... నేను..."

రాజశేఖర్ అడుగు వెనక్కి వేసి, కర్రను కత్తిలా పట్టుకున్నాడు. గుంపులో ఇద్దరు అప్పటికే వరండాలో కుర్చీలు ఎక్కేశారు. సుమిత్ర మాత్రం కళ్లద్దాలు సరిచేసుకుని, గుమ్మంలో వంగి లోపలికి చూసింది.

"ఏవండీ, ఇన్నా!" అంది. "ఇవన్నీ మనకేనా?"

అంతలో గోడ దూకినంత పని చేసి భీమే వచ్చింది. లోపలికి ఒక్క చూపు చూసింది. తన తప్పు అర్థమైంది. దాన్ని ఒప్పుకోవడానికి టైం వృథా చేయకుండా పెత్తనం తీసుకుంది. "చూస్తరేంది అందరు! చేటలు తేండి, బుట్టలు తేండి! దోమతెర నాలుగు మూలలు పట్టి బయటికి లాగండి! కింద పాకెటివి ముట్టకుండ్రి, అవి సుద్ద తొక్కినయి. మీదివి, సంచిలయి మాత్రమే!"

ఆ గొంతు విని కాదనే ధైర్యం బ్యాంకులో ముప్ఫై ఏళ్లు పనిచేసిన రాజశేఖర్‌కు కూడా లేకపోయింది. నలుగురు దోమతెర మూలలు పట్టి పెరట్లోకి తీసుకెళ్లారు. ఇద్దరు చేటలు పట్టారు. కుర్చీలెక్కినవాళ్లు కాసేపు అక్కణ్నుంచే సలహాలిచ్చి, తర్వాత తట్టుకోలేక దిగి బుట్టలు అందుకున్నారు. కుట్టినప్పుడల్లా ఒకరు గెంతుతున్నారు, మిగతావాళ్లు నవ్వుతున్నారు, ఆ నవ్వినవాళ్లను ఇంకో చీమ పట్టుకుంటోంది. రాజశేఖర్ కాలర్లోంచి ఒకదాన్ని తీసి, "దీన్ని నేను పట్టాను, నేనే తింటాను" అని ప్రకటించాడు. ఇప్పపూల వాసనతో నిండిన ఆ పెరట్లో అంత గోల ఎన్నడూ జరగలేదు. టౌన్‌షిప్ వైపు నుంచి వెళ్తున్నవాళ్లు ఆగి గేటు మీంచి చూశారు.

పార్వతమ్మ అప్పటికే రోలు కడిగి, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉప్పు సిద్ధంగా పెట్టుకుంది. గేటు దగ్గర ఆగినవాళ్లలో టౌన్‌షిప్ ఆడవాళ్లు కూడా ఉన్నారని చూసింది. ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత కొంగు నడుముకు చుట్టి, వాళ్లంతా చూస్తుండగానే చీమలు రోట్లో వేసి నూరింది. నూరి, వేలితో కాస్త తీసి నాలుక మీద వేసుకుని, "ఉప్పు చాలలేదు" అంది. ఈ ఒక్క మాటతో ముప్ఫై ఏళ్ల బరువు దిగిపోయినట్టు ఆవిడ మొహం తేటపడింది.

విస్తళ్లు వేసి అందరూ వరండాలో కూర్చున్నారు. కోడికూర లేదు. కరీం భాయ్‌కి మాట చెప్పలేదన్న సంగతి గిరీష్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఎవరూ అడగలేదు. వేడన్నంలో నెయ్యి, పప్పు, పక్కన చాపడా. మొదటి ముద్దకు సుమిత్ర కళ్లు మూసుకుంది. పులుపు, కారం కలిసి ఎక్కడికో వెళ్లి వచ్చినట్టుంది. "నిమ్మకాయ పిండినట్టుందండీ!" అంది. రెండోసారి వడ్డించమంది.

ఆ సందడిలోనే గిరీష్ ఫోన్ మోగింది. భానుప్రసాద్. గిరీష్ ఫోన్ తిరగేసి పెట్టబోయాడు. రేణుక ఫోన్ లాక్కుని స్పీకర్ నొక్కింది.

"బాబూ గిరీష్, నీ జవాబు ఇప్పుడే చదివాను. అదేం పనయ్యా? చీమల్ని నిర్మూలించడమేంటి? వచ్చే నెల మా బావమరిదిని తీసుకుని ఆ పచ్చడి కోసమే వద్దామనుకుంటున్నాను!"

"మరి... ఒక్క స్టారే ఇచ్చారు కదండీ?"

"అవును, ఒకటే. అయిదున్నాయి. ఒకటి నొక్కితే ఒకటి వెలిగింది. నా వంతుది నేను నొక్కాను. మిగతా నాలుగూ తర్వాత వచ్చేవాళ్లకు వదిలాను. అన్నీ నేనే నొక్కేసుకుంటే బాగోదు కదా?"

వరండా అంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. రాజశేఖర్‌కు పొలమారింది. గిరీష్ మాత్రం గోడకు చేరగిలబడి, నవ్వాలో ఏడవాలో తేలక, చివరికి రెండూ కలిపి చేశాడు. ఆ సాయంత్రం గేటు పక్కన రాయెక్కి బాబూరావుకు ఫోన్ చేశాడు. రావడం లేదని చెప్పాడు. రాయి కింద నిలబడ్డ రేణుక, అతను దిగగానే మెడ మీది దద్దుర్లకు కొబ్బరినూనె రాసింది.

అతిథులు కొండ ఎక్కారు, గణపతిని చూశారు, జలపాతంలో తడిశారు. ప్రతి పూటా చాపడా అడిగారు. భీమేతోపాటు సంతకు కూడా వెళ్లి చీమలు కొనుక్కున్నారు. తిరుగు ప్రయాణం రోజున బ్యాగులు టెంపో ఎక్కాక గిరీష్ గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రివ్యూ మాట ఎత్తకూడదని రేణుక రాత్రే ఒట్టు వేయించుకుంది. అతను ఎత్తలేదు. అయితే అతని కళ్లు రాజశేఖర్ జేబులో ఫోన్ మీదే ఉన్నాయి.

రాజశేఖర్ అది గమనించాడు. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"గిరీష్ గారూ, ఒక్క విషయం. మేం రివ్యూ రాయం."

గిరీష్ మొహం పాలిపోయింది. "ఆ గది విషయమేనా సార్?"

"కాదయ్యా. రాస్తే లోకమంతా వచ్చేస్తుంది. వచ్చే ఏడు మాకు గదులు దొరకవు. పదిమందిమీ కూర్చుని తీర్మానించుకున్నాం. ఒక్క స్టారు కూడా ఇచ్చేది లేదు, ఎవరికీ చెప్పేది లేదు."

"సార్, కనీసం నాలుగు..." అని గిరీష్ అంటుండగానే టెంపో కదిలింది. కిటికీలోంచి సుమిత్ర వేలు పెదాల మీద పెట్టి, నోరు విప్పనని సైగ చేసింది.

ఆ తీర్మానం ఎంత గట్టిదో నెల తిరక్కముందే తెలిసింది. ముందు గాజువాక నుంచి ఒకావిడ ఫోన్ చేసి, సుమిత్ర గారు చెప్పారనీ, ఎవరితోనూ అనొద్దన్నారనీ చెప్పి రెండు గదులు అడిగింది. తర్వాత అనకాపల్లి నుంచి ఒక డాక్టరు ఆస్పత్రిలో నుంచే గొంతు తగ్గించి మాట్లాడాడు. భానుప్రసాద్ బావమరిదితో పాటు ఇంకో ఇద్దరు వియ్యంకుల్ని తీసుకొచ్చాడు. భీమే హిడ్మా మామిడితోపాటు పక్క చేల చెట్లను కూడా మాట్లాడుకుంది. పార్వతమ్మ టౌన్‌షిప్ ఆడవాళ్లకు చాపడా నూరడం నేర్పుతోంది. వానలు పడేదాకా కొండనీడలో గది ఖాళీ లేదు.

ఫోన్‌లో మాత్రం రేటింగు ఒక్క మెట్టు కూడా పెరగలేదు. వచ్చిన ప్రతివాళ్లూ వెళ్లేటప్పుడు గిరీష్‌ను పక్కకు పిలిచి, మేం మాత్రం ఎవరికీ చెప్పం అని ధైర్యం చెప్పి మరీ వెళ్తున్నారు.